వెయ్యి మాటల లిస్టు అడిగావు కదా

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి వంశీకి పెద్దమ్మ ఆశీస్సులు.

డిబేట్లలో నిలబడాలంటే కనీసం వెయ్యి పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కావాలనీ, లిస్టు తయారుచేసి పంపమనీ రాశావు. లిస్టు పంపడం లేదు నాన్నా. ఎందుకు పంపడం లేదో నీ ఉత్తరంలో ఉన్న ఒక్క వాక్యం చాలు చెప్పడానికి. 'ఐ హ్యావ్ ఎ ప్లెథొరా ఆఫ్ డౌట్స్' అని రాశావు. ప్లెథొరా అంటే ఉత్త 'చాలా' కాదు. ఉండాల్సిన దానికన్నా ఎక్కువై ఇబ్బంది పెట్టేంత అని. పూర్వం వైద్యులు ఒంట్లో రక్తం ఎక్కువైందనే జబ్బుకి వాడిన పేరది. ఇక డౌట్ సంగతి. మన క్లాసురూముల్లో డౌటంటే మేస్టార్ని అడిగే ప్రశ్న. బయటి దేశం వాడికి డౌటంటే నమ్మకం లేకపోవడం. రెండూ కలిపి వాడు చదివితే, నీకు నా మీద మోతాదు మించిన అపనమ్మకం ఉన్నట్టు తేలుతుంది. లిస్టులో 'ప్లెథొరా – అధికం' అని ఉంటుంది. నువ్వు బట్టీ పట్టింది అదే.

మాటకి అర్థం తెలిస్తే సరిపోదు. అది ఏ స్థాయిలో కూర్చుంటుంది, ఎవరితో కలిసి తిరుగుతుంది అన్నవి కూడా తెలియాలి. ఈ రెండూ తెలుగులో నీకు పుట్టుకతో వచ్చాయి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

పొయ్యిలో నిప్పు, జేబులో అగ్గిపెట్టె, హోమంలో అగ్ని. మూడూ ఒకటే, కానీ 'అగ్నిపెట్టె ఉందా బాబాయ్' అని కొట్టువాణ్ణి అడిగి చూడు! ఇంగ్లీషులోనూ ఇలాగే మూడు అరలు ఉన్నాయి. పాత ఇంటి మాటలు ఒక అర. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక దొరల ఫ్రెంచి నుంచి వచ్చినవి రెండో అర. పండితులు లాటిన్ నుంచి నేరుగా దించుకున్నవి మూడోది. దొడ్లో ఉన్నంతవరకూ రైతు నోట షీప్, దొర పళ్ళెంలోకి వచ్చేసరికి మటన్. ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ చూడు. మీ అమ్మ అన్నం తిన్నావా అని ఆస్క్ చేస్తుంది, ప్రిన్సిపాల్ ఎందుకు రాలేదని క్వశ్చన్ చేస్తాడు, పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టి ఇంటరాగేట్ చేస్తారు. అందుకని కొత్త మాట రాసుకున్నప్పుడల్లా పక్కన ఒక గుర్తు పెట్టు: ఇంట్లో అనగలిగితే 'ఇ', సభలో అనగలిగితే 'స', కాగితం మీదే బాగుంటే 'కా'. గుర్తు తేల్చుకోలేకపోయావంటే ఆ మాట ఇంకా నీది కాలేదని.

ఇక తోడు సంగతి. పళ్ళు తోముకుంటాం, బట్టలు ఉతుకుతాం, కాళ్ళు కడుక్కుంటాం, ఇల్లు ఊడుస్తాం. అన్నీ శుభ్రం చెయ్యడమే, అయినా 'పళ్ళు ఉతుక్కున్నాను' అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషువాడు దాహాన్ని క్వెంచ్ చేస్తాడు, భయాల్ని అలే చేస్తాడు, ఫిర్యాదుల్ని రిడ్రెస్ చేస్తాడు, నొప్పిని అలీవియేట్ చేస్తాడు, రిస్కుని మిటిగేట్ చేస్తాడు. వీటన్నిటికీ నిఘంటువు 'తగ్గించు, తీర్చు, ఉపశమింపజేయు' అని ఇంచుమించు ఒకే అర్థం ఇస్తుంది. అది చూసి 'మిటిగేట్ ది థర్స్ట్' అని రాసేవాళ్ళు ఏటా కనిపిస్తారు. కాబట్టి క్రియని ఒంటరిగా రాసుకోకు, దాని వెంట తిరిగే నామాలు రెండు కలిపి రాసుకో.

డిబేట్ చేసేవాడివి కాబట్టి నీకు అన్నిటికన్నా ప్రమాదం తెచ్చే తెలుగు మాట ఒకటుంది: ఖండించు. మన పేపర్లలో మంత్రి ఆరోపణల్ని ఖండిస్తారు, పార్టీలు దాడిని ఖండిస్తాయి, పండితుడు ఎదుటివాడి వాదాన్ని ఖండిస్తాడు. ఇంగ్లీషులో ఇవి వేరు వేరు పనులు. దాడిని తప్పుపట్టడం కండెమ్. ఆరోపణ నిజం కాదని అనడం డినై, అందులో రుజువు ఉండక్కర్లేదు. ఎదుటి వాదానికి ఎదురు వాదం పెట్టడం రిబట్, నువ్వు నెగ్గావో లేదో తర్వాతి మాట. ఆధారం చూపి అది అబద్ధమని తేల్చెయ్యడం రెఫ్యూట్. దానితో నాకు సంబంధమే లేదని వదిలించుకోవడం రెప్యూడియేట్. రిబట్ దగ్గరే ఆగిపోయి 'ఐ హ్యావ్ రెఫ్యూటెడ్' అని గొప్పగా కూర్చుంటే, జడ్జీల్లో తెలిసినవాడు ఒక్కడున్నా మార్కులు అక్కడే పోతాయి. ఈ అయిదిటినీ అయిదు వారాల్లో, వారానికొకటి చొప్పున నేర్చుకో. ఒక్కరోజే పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుంటుంది. అక్షరక్రమంలో ఉండే లిస్టులతో వచ్చే నష్టం కూడా ఇదే: అబేస్, అబాష్, అబేట్ ఒకే పూట చదివితే నెలకి మూడూ ఒకే ముద్ద.

ఎన్ని మాటలు కావాలన్నది అడిగావు. మైకేల్ వెస్ట్ అని, ఢాకాలో పనిచేసిన ఇంగ్లీషు ఆయన, 1953లో రెండు వేల చిల్లర మూల పదాల జాబితా వేశాడు. ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో చదువుల భాషకి ఇంకో 570 పద కుటుంబాలు (ఒక మాటా, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) చేర్చింది. ఆల్‌బీఇట్, ఆర్బిట్రరీ, ఇంప్లిసిట్, కోహెరెంట్ లాంటివి అందులోవే. నవలలు, పేపర్లు తడుముకోకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల కుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్కకట్టాడు. అంటే పేజీలో నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉండాలన్న మాట. నువ్వు ఆ 570 ముందు చూసుకో. తెలిసినవే అనిపిస్తాయి, వాక్యంలో పెట్టమంటే సగం జారిపోతాయి. అవి గట్టిపడకుండా సెస్క్విపెడేలియన్ లాంటి బారెడు మాటల దగ్గరికి వెళ్ళడం పునాది లేకుండా పెంట్‌హౌస్ కట్టడమే.

ఆ తొంభై ఎనిమిది లెక్కే పుస్తకం కొనేటప్పుడు కూడా పనికొస్తుంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చూసేటప్పుడు, జనవరి పుస్తకాల పండగలో తిరిగేటప్పుడు మధ్యలో ఒక పేజీ తియ్యి. మామూలు పేజీలో 300 మాటలుంటాయి. తెలియనివి ఆరు దాకా ఉంటే కొనుక్కో. పది, పన్నెండు దాటితే రెండేళ్ళ తర్వాతి పుస్తకం, అక్కడే పెట్టెయ్యి. అట్ట చూసి మోజుపడి కొన్నవన్నీ ఇరవయ్యో పేజీలో ఆగిపోతాయి.

రోజుకి ఒక్క ఎడిటోరియల్ చాలు. మొదటిసారి పెన్ను లేకుండా చదువు. రెండోసారి తెలియని మాటల కింద సన్నగా పెన్సిల్ గీత పెట్టు, కానీ నిఘంటువు తియ్యకు. చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి అర్థం ఊహించి మార్జిన్‌లో తెలుగులో రాసి, అప్పుడు తెరువు. ఊహ తప్పినా మంచిదే, తప్పిన మాట ఎక్కువ గుర్తుంటుంది. గీత పెట్టిన ప్రతి మాటనీ కార్డుకి ఎక్కించకు. నెలలో మూడుసార్లు ఎదురైనదే ఎక్కించు. ఒక్కసారి కనబడి పోయింది చుట్టపుచూపుగా వచ్చినట్టు, పోనీ.

కార్డులకి డబ్బు తగలెయ్యకు. ఇంట్లో ఉన్న పాత శుభలేఖల ఖాళీ వైపు పోస్టుకార్డులో సగం సైజున కత్తిరించుకో. ముందువైపు మాట రాయకు, ఖాళీ ఉన్న వాక్యం రాయి. ఉదాహరణకి: 'ది కమిటీస్ సైలెన్స్ వజ్ టేకెన్ యాజ్ —— అప్రూవల్'. వెనక వైపు ట్యాసిట్. దాని కింద తోడు మాటలు: అప్రూవల్, అండర్‌స్టాండింగ్, కన్సెంట్. గుర్తు 'స'. తెలుగు: నోరు విప్పకుండా ఒప్పుకోవడం, మౌనం అర్ధాంగీకారం అంటాం చూడు, అది. చివర చుట్టాలు: టాసిటర్న్, రెటిసెంట్. రెండూ నోరు విప్పని మనుషుల గురించే. లాటిన్‌లో మౌనంగా ఉండటమనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ముందువైపు మాట, వెనక అర్థం రాసుకుంటే మాట కనబడితే గుర్తుపడతావు, మాట్లాడేటప్పుడు మాత్రం నోటికి రాదు. ఖాళీ వాక్యం చూసి లోపల్నుంచి మాట తవ్వి తీస్తేనే నాలుక అలవాటుపడుతుంది.

చెప్పుల పెట్టెకి అట్టముక్కలతో అయిదు గదులు చెయ్యి. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో చెప్పిన పద్ధతి ఇది. మొదటి గది రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి, అయిదోది నెలకి చూడాలి. చెప్పగలిగిన కార్డు ముందు గదికి వెళ్తుంది, తప్పింది మళ్ళీ మొదటి గదికే. మొహమాటపడి సగం గుర్తొచ్చిన కార్డుని ముందుకి తోశావో, పద్ధతంతా దండగ. కొత్తవి రోజుకి అయిదు, ఆదివారం సెలవు. ఏడాదికి పదిహేను వందలు అవుతాయి, నువ్వడిగిన వెయ్యి కంటే ఎక్కువే. ఉత్సాహంలో రోజుకి ఇరవై పెట్టుకుంటే? ప్రతి కార్డూ కనీసం అయిదుసార్లు తిరిగొస్తుంది కాబట్టి, నెల తిరిగేసరికి రోజూ వందకి పైగా కార్డులు చూడాల్సి వస్తుంది. రెండు రోజులు జ్వరం వచ్చిందంటే పెట్టె అటక మీదికి. అయిదు చొప్పున అయితే రోజుకి ముప్పై లోపే, పది నిమిషాల పని. ఫోన్లో అంకీ అనే కార్డుల యాప్ వాడుకుంటానంటే కాదనను, అందులోనూ కార్డు ఇలాగే రాయి. ఇంకొకరు చేసిపెట్టిన కార్డుల కట్ట మాత్రం దించుకోకు.

ధాతువులు నేర్చుకోమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను, ఓ నలభై దాకా. గ్రెగ్ అంటే మంద. మందలో కలిసిమెలిసి తిరిగేవాడు గ్రెగేరియస్, మందగా చేరడం కాంగ్రెగేట్, మంద నుంచి విడదీయడం సెగ్రెగేట్. మరి ఎగ్రీజియస్? మందలోంచి బయటికి తేలి కనబడేది. ఒకప్పుడు మెచ్చుకోలుగా కూడా వాడారు, ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనబడే తప్పుకే వాడతారు. ధాతువుని నమ్ముకుని వక్తని 'ఎగ్రీజియస్ స్కాలర్' అని పొగిడితే సభ నుంచి లేచిపోతాడు. పైగా సంధి విడగొట్టినంత ధైర్యంగా ఇంగ్లీషు మాటని విడగొట్టకూడదు. పెడెస్ట్రియన్‌లో పెడ్ లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లో గ్రీకు పిల్లవాడు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. కంటితో నేర్చుకున్న మాటని చెవితో సరిచూసుకోకుండా సభలో అనకు. ఎపిటోమ్ కాదు, ఎపిటమీ. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. ఇండిక్ట్ కాదు, ఇండైట్. ఆ-రీ అని చదివేది అరై. ఫోటోగ్రాఫ్‌లో ఒత్తు (అంటే గట్టిగా పలికే చోటు) మొదటి అక్షరం మీద, ఫటాగ్రఫీలో రెండో దాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడో దాని మీద. తెలుగులో ఇలా ఒత్తు మారదు కాబట్టి మనకి వినబడదు. ఫోన్ నిఘంటువులో స్పీకరు గుర్తు నొక్కి మూడుసార్లు విను, ఒత్తు పడే అక్షరం కింద కార్డు మీద గీత పెట్టు.

నిఘంటువు ముందు ఇంగ్లీషు–ఇంగ్లీషుదే చూడు, హార్న్‌బీ మొదలుపెట్టిన ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ లాంటిది. శంకరనారాయణ నిఘంటువు ఆ తర్వాత, వాక్యం అర్థమయ్యాక సరైన తెలుగు మాట ఏరుకోవడానికి. థెసారస్ (పర్యాయపదాల పుస్తకం) అయితే మర్చిపోయిన మాట గుర్తుచేసుకోవడానికే. తెలియని మాట అందులోంచి తీశావంటే మళ్ళీ ప్లెథొరా కథే.

ఇక మాట్లాడటం. రెండు నిమిషాల ప్రసంగానికి 250 మాటలు పడతాయి. అందులో బరువైన మాటలు మూడు మించకూడదు, అవి కూడా వాక్యం చివర్లో పడాలి. అప్పుడే వినేవాడు వాటి మీద ఒక్క క్షణం ఆగుతాడు. 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడింది సుమారు 270 మాటలు, ఎక్కువభాగం చిన్నవే. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ 'ట్రిస్ట్' అన్నాడు. ట్రిస్టంటే ప్రేమికులు ముందే చెప్పుకుని రహస్యంగా కలుసుకోవడం. ఆ చోట అపాయింట్‌మెంట్ అని పెట్టి చూడు, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నట్టుంటుంది. అంబేడ్కర్ 1949 నవంబరు 25న 'గ్రామర్ ఆఫ్ అనార్కీ' అన్నాడు. రెండూ డిగ్రీ కుర్రాడికి తెలిసిన మాటలే. గ్రామర్ అంటే కట్టుబాటు, అనార్కీ అంటే ఏ కట్టుబాటూ లేకపోవడం. ఎదురెదురు మాటల్ని ఒకే పీట మీద కూర్చోబెట్టాడు. అరుదైన మాటలు వెతుక్కునే ముందు, తెలిసిన మాటలతో ఇలాంటి జతలు కట్టడం సాధన చెయ్యి. రాజ్యాంగ సభ చర్చలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, రోజుకి రెండు పేజీలు పైకి చదువు. డిబేట్ భాషకి ఎడిటోరియల్ కంటే అదే మేలు, ఎందుకంటే అక్కడ ఎదుటివాడు వెంటనే లేచి జవాబిస్తాడు.

ఈ వారం పని ఇది. ఏదైనా ఒక ఎడిటోరియల్ తీసుకుని వంద మాటలకి కుదించు. కుదించేటప్పుడు దాని రచయిత వాడిన విశేషణం ఒక్కటీ వాడకు. అదే విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్లో రికార్డు చేసి, రెండూ ఆదివారం రాత్రిలోగా పంపు. మధ్యలో 'బేసికల్లీ', 'యాక్చువల్లీ' ఎన్నిసార్లు వచ్చాయో ముందు నువ్వే లెక్కపెట్టి పైన రాయి. వచ్చేవారం విజయవాడ వచ్చేటప్పుడు చెప్పుల పెట్టె వెంట తీసుకురా, ముప్పై కార్డులకి గుర్తులు సరిగ్గా వేశావో లేదో చూస్తాను. శుభలేఖలు చాలకపోతే మా బీరువాలో ఓ కట్ట ఉంది.

మీ పెద్దమ్మ