వింగ్ అటక మీద, ఫిడేలు బీరువాలో

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మా తమ్ముడు గత నవంబరులో, ఇరవయ్యారేళ్ళకే పోయాడు. పదేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాడు, స్నేహితుల బ్యాండులో వాయించేవాడు. నాలుగేళ్ళుగా పారాగ్లైడింగ్, అంటే వింగ్ అనే పెద్ద బట్టరెక్కకు వేలాడుతూ కొండ మీంచి ఎగరడం. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో ఎగురుతూ కొండకు తగిలాడు. సంవత్సరీకం దగ్గరపడుతోంది. సంస్మరణ సభలో సంగీతం తప్ప ఎగరడం మాటే రాకూడదంటుంది అమ్మ. కొండపల్లి గుట్టల మీంచి వాడి వింగ్‌నే ఎగరేసి నివాళి ఇస్తామంటారు స్నేహితులు. అది ప్రమాదం నాటి వింగే, పోలీసులు తిరిగిచ్చాక అటక మీద పెట్టాం. పదిహేడేళ్ళ మా పిన్ని కొడుకు దాన్ని తనకిమ్మంటున్నాడు. నాన్న ఎవరికీ చెప్పకుండా వాడి ఫోన్‌కి నెలనెలా రీఛార్జ్ చేస్తున్నారు. వింగ్ కొనడానికి సగం డబ్బు నేనే ఇచ్చాను. అమ్మ ఒకసారి ఆ మాట అనేసింది. నాకేం తోచడం లేదు.

జవాబు: ముందు వింగ్ సంగతి తేలుద్దాం. ఎందుకంటే ఇందులో బేరం లేదు. దాన్ని ఎవరూ ఎగరేయకూడదు.

కొండకు తగిలిన వింగ్‌లో పైకి కనిపించే చిరుగు కన్నా కనిపించని దెబ్బలే ఎక్కువ ప్రమాదం. లోపలి కుట్లు వదులవుతాయి, తాళ్ళ లోపలి పోగులు తెగుతాయి. పైగా ఏడాదిగా అటక మీద, బెజవాడ ఎండలో. డైనీమా అనే గట్టి కృత్రిమ పోగుతో చేసిన తాళ్ళయితే బరువు పడకుండా మడతలో ఉన్నా, తడిసి ఆరినా పొట్టివవుతాయి. ముందు వరుస తాళ్ళు మనిషి బరువుకు సాగి ఉంటాయి, బరువు తక్కువ పడే వెనక వరుసవి కుంచించుకుపోతాయి. అప్పుడు వింగ్ వెనక్కి లాగినట్టయి, టేకాఫ్‌లో తల మీదికి సరిగా లేవదు. లేచినా వేగం చచ్చి నిలువునా దిగజారవచ్చు. ఇక బరువు లెక్క: మనిషి, హార్నెస్ (కూర్చునే పట్టీల సీటు), సామాను అన్నీ కలిపి ఎంత ఉండాలో ప్రతి వింగ్ మీదా పరిధి రాసి ఉంటుంది. అది మీ తమ్ముడి కొలత. పిన్ని కొడుకుది కాదు. కొండపల్లి అయితే అసలే వద్దు. పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, అక్కణ్ణుంచి బయల్దేరే హైటెన్షన్ లైన్లు ఉన్నాయి. స్నేహితులతో ‘మాకు భయం’ అనకండి, ఈ కారణాలే చెప్పండి. నిజంగా ఎగిరేవాళ్ళయితే వెంటనే ఒప్పుకుంటారు.

పోలీసు కేసు పూర్తిగా మూసేశారో లేదో కనుక్కోండి. మూశారని తెలిశాక తాళ్ళను బట్ట దగ్గరే కత్తిరించేయండి. ఇంకెవరూ ఆశపడరు. రిజర్వ్ పారాచూట్ (ఆపదలో తెరిచేది), హెల్మెట్ కూడా ఎవరికీ ఇవ్వొద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి థర్మాకోల్ నలిగిపోతుంది, పైన పెంకు బాగానే ఉన్నా తలను కాపాడదు. వింగ్ బట్ట మాత్రం గట్టి నైలాన్. మరకలుంటే సబ్బు లేకుండా చన్నీళ్ళతో తుడిచి నీడన ఆరబెట్టండి. దానితో చేతిసంచులు కుట్టించి స్నేహితులకు తలొకటి ఇవ్వొచ్చు. అది అమ్మ ఒప్పుకున్నాకే, తొందర లేదు. పిన్ని కొడుకుకి ఆ సంచీ ఇవ్వండి. ఎగరాలని ఉంటే పద్దెనిమిది నిండాక శిక్షణ సంగతి వాళ్ళ అమ్మానాన్నలతోనే తేల్చుకోమనండి.

ఫిడేలు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఏడాదిగా పెట్టె తెరవకపోతే కమాను వెంట్రుకల్ని సన్న పురుగు తినేసి ఉండొచ్చు. చీకట్లో, మూసిన పెట్టెలో అది పెరుగుతుంది. తెరవగానే వెంట్రుకలు కుచ్చుగా ఊడి కనిపిస్తే అమ్మ తల్లడిల్లుతుంది కాబట్టి ముందు మీరొక్కరే చూడండి. కమాను కొత్త వెంట్రుకలతో మళ్ళీ మామూలవుతుందని ఆమెకు చెప్పండి. తీగలన్నీ ఒక్కసారిగా వదులు చేయొద్దు. తీగల్ని ఎత్తి పట్టే చెక్క, బ్రిడ్జి, పడిపోతుంది, దాంతోపాటు లోపల ఒత్తిడితోనే నిలబడి ఉండే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోతుంది. దాన్ని నిలబెట్టడం మనవల్ల కాదు. ఒక్కో బిరడా కాస్త తిప్పి అర్ధస్వరం దించితే చాలు. ఇనుప బీరువా వద్దు. ఎండాకాలం వేడికి జిగురు మెత్తబడి అంచులు విడతాయి. ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పే మాస్టార్లను అడిగితే మంచి మరమ్మతుదారు ఎవరో చెప్తారు.

ఇక సభ. మీ ఇంట్లో ఇద్దరు కొడుకులు పోలేదు, ఒక్కడే పోయాడు. ఫిడేలు వాడూ వాడే, ఎగిరినవాడూ వాడే. అయినా అమ్మ ‘ఆ మాట వద్దు’ అనడంలో కారణం ఉంది. ‘ఎలా వెళ్ళనిచ్చారమ్మా?’ అని అడిగే బంధువులకు ఆమె ఏడాదిగా జవాబు చెప్తూ వస్తోంది. కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. ఇందుకు పంచాంగమే దారి చూపిస్తుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కనుక తిథి తారీఖుకి సుమారు 11 రోజులు ముందే వస్తుంది. నడుమ అధికమాసం పడితే సుమారు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. పురోహితుణ్ణి అడిగి ఖాయం చేసుకోండి. తిథినాడు ఇంట్లో అమ్మానాన్నలు కోరినట్టు. తారీఖునాడు చిన్న హాల్లో స్నేహితుల సభ, గంటన్నర దాటకుండా. అమ్మ రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వస్తే తలుపు పక్క కుర్చీ ఆమెది. ఎప్పుడైనా లేచి వెళ్ళొచ్చని ముందే చెప్పండి.

మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు. ‘గొప్పవాడు, మంచివాడు’ వద్దు, ఒక్క సంఘటన చెప్పమనండి: ఫిడేలు మీద ఏ వర్ణం వాయిస్తూ తడబడేవాడు, గాలి బాగోలేక ఎగరకుండా కొండ దిగి వచ్చిన రోజు ఏం చేశాడు. ఎగరకుండా వెనక్కి వచ్చిన రోజులు చెప్పించడం చాలా ముఖ్యం. కొడుకు దూకుడు మనిషి కాదని అమ్మకు అప్పుడే తెలుస్తుంది. ‘ఇష్టమైన పని చేస్తూ పోయాడు’ అనే వాక్యం మాత్రం ఎవరూ అనకూడదు. అది స్నేహితులకు ఊరట, తల్లి చెవికి శూలం. వీడియోలు వేయొచ్చు, చివరి ప్రయాణంవి తప్ప. ఆ మెమరీ కార్డు ఒక స్నేహితుడే ముందు చూసి వేరు చేయాలి, మీరు కాదు.

కాపీల సంగతి ఇప్పుడే. కెమెరా కార్డులు, బ్యాండు రికార్డింగులు, ఫోన్‌లో వాట్సాప్ మీడియా ఫోల్డరులోని వాయిస్ నోట్స్ (ఓపస్ అనే రకం ఫైళ్ళు) అన్నీ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి తీయండి. ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్‌ వాళ్ళకి మరణ ధ్రువపత్రం పంపి సంస్మరణ ఖాతాగా మార్చమనండి. ఒకసారి మారాక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు.

మీ డబ్బు గురించి. అమ్మతో వాదించి నెగ్గే విషయం కాదిది. మళ్ళీ ఆ మాట వస్తే, ‘అవునమ్మా, సగం నేనే ఇచ్చాను, నాకూ అదే గుర్తొస్తుంది’ అనండి, అక్కడ ఆగిపోండి. మీరు ఇవ్వకపోతే ఎగరడం మానేసేవాడా, ఎవరి పాత వింగో అడిగి ఎగిరేవాడా? మీకు తెలుసు. అమ్మ నిద్ర, తిండి, ఇంటిపనీ ఏడాదయినా దారికి రాకపోతే, లేదా తనకీ బతకాలని లేదని ఒక్కసారి అన్నా, ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నాన్నగారి రీఛార్జ్ ఆపించకండి. 90 రోజులు వాడకం లేకపోతే కంపెనీ నంబరు మూసేయొచ్చు, తర్వాత అది వేరేవాళ్ళకి వెళ్తుంది. ఓ రాత్రి అమ్మ ఆ నంబరుకి చేస్తే ఎవరో ‘హలో’ అంటారు. అయితే రీఛార్జ్ ఒక్కటే చాలదు. 120 రోజులు తెరవకపోతే వాట్సాప్ ఖాతా కూడా పోతుంది. ఫోన్‌ని సున్నా చార్జ్‌లో వదలకుండా నెలకోసారి సగం దాకా చార్జ్ చేసి, వైఫైకి కలిపి, వాట్సాప్ తెరిచి పెట్టాలి. మీకు తెలిసిపోయిందని నాన్నగారితో అనకండి. చార్జర్ ఆయన బల్ల మీద పెట్టి, నెలకోసారి తెరవాలట అని చెప్తే సరిపోతుంది.