నవంబర్‌లో వెనిస్ అంటే అందరూ వద్దంటున్నారు!

ప్రశ్న: నమస్తే అండీ. వెనిస్ చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మేమిద్దరం, మాతో పాటు మా అత్తయ్యగారు కూడా వస్తారు, ఆవిడకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మాకు సెలవులు దొరికేది జూలైలో, లేదంటే నవంబర్‌లో. నవంబర్ అంటే చాలు మా ఆయన "నడుంలోతు నీళ్ళలో సూట్‌కేస్ నెత్తిన పెట్టుకుని తిరగాలి" అంటున్నారు. నిజమేనా? ఏది మంచిదో చెప్పరూ.

జవాబు: నవంబరేనండీ. అత్తయ్యగారు వస్తున్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా, నవంబరే.

మీ ఆయన చూసిన వీడియోలు బహుశా 2019 నవంబర్ 12 రాత్రివి అయ్యుంటాయి. ఆ రాత్రి సముద్రం పోటెక్కి నీటిమట్టం 187 సెంటీమీటర్లకి వెళ్ళింది, 1966లో వచ్చిన 194 తర్వాత అంత ఎత్తు రావడం అదే. కానీ ఈ 187, 194 అనేవి పోటు కొలిచే స్కేలు మీద లెక్కలు, మనం నిలబడ్డ చోట లోతు కాదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఊళ్ళో బాగా పల్లం సాన్ మార్కో చౌక్, అక్కడ స్కేలు 80 దాటితే నీళ్ళు కనపడటం మొదలవుతుంది, అంటే 100 అన్నారనుకోండి, అక్కడ చీలమండ దాటి కొంచెం పైకి, మిగతా ఊరు చాలావరకు పొడిగానే ఉంటుంది. పైగా 2020 అక్టోబర్ నుంచి పోటుని ఆపడానికి 'మోసే' (MOSE) అనే పేరుతో కట్టిన గేట్లు వాడుతున్నారు. సముద్రం లోపలికొచ్చే మూడు దారుల్లో అడుగున పడుకుని ఉండే 78 పసుప్పచ్చ గేట్లు, పోటు 110కి పైన వస్తుందని తెలిస్తే వాటిలోకి గాలి పంపి పైకి లేపుతారు. కాబట్టి 2019 లాంటి రాత్రి గురించి భయపడక్కర్లేదు, 80కి 110కి మధ్య వచ్చేవే మనకి మిగిలినవి.

ఇంకోటి, ఆ నీళ్ళు రోజంతా ఉండవు. పోటుతో వస్తాయి, ఆటుతో పోతాయి, మధ్యలో ఓ మూడు నాలుగు గంటలు, అంతే. అమావాస్యకి, పౌర్ణమికి ఎక్కువ, దానికి ఆగ్నేయం నుంచి సిరోకో గాలి తోడైతే ఇంకా ఎక్కువ. నేనెళ్ళినప్పుడు ఒకరోజు పొద్దున్నే ఇలాగే వచ్చింది, రోడ్డు మీద అమ్మే నారింజ రంగు ప్లాస్టిక్ తొడుగులు కొని బూట్ల మీద మోకాలి దాకా కట్టుకుని గొప్పగా దిగాను, పది అడుగులకే ఎడమకాలిది చిరిగి, బయటి నీళ్ళకంటే లోపలే ఎక్కువయ్యాయి 😀 తడి సాక్సులతోనే కాఫీ తాగి, కాసేపు షాపుల్లో తిరిగి వెనక్కొస్తే చౌక్‌లో తడి రాళ్ళు, పావురాలు తప్ప ఏం లేదు. నీళ్ళున్నప్పుడు జనం నడవడానికి బల్లల్లాంటి చెక్క దారులు వేస్తారు, కానీ అవి ఇరుకు, ఎదురొచ్చేవాళ్ళతో తోసుకుంటూ పోవాలి, అత్తయ్యగారిని మాత్రం వాటి మీదికి ఎక్కించకండి, ఆ మూడు గంటలు హాయిగా రూంలోనే ఉండమనండి. పోటు ఎప్పుడొస్తుందో ఊరి మునిసిపాలిటీ వాళ్ళే ముందుగా చెప్తారు, ఫోన్‌లో చూసుకోవచ్చు.

జూలై సంగతి అలా కాదు, ఎండకి ఆటు లేదు. 30 డిగ్రీల దాకా ఎండ, ఉక్క, సాయంత్రం దోమలు, కొన్ని సన్న కాలువల దగ్గర వాసన. కార్లూ ఆటోలూ లేని ఊరు, 400కి పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే, ఆ మెట్ల మీద ఆగి సెల్ఫీలు తీసుకునే జనం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇది నీళ్ళకంటే కష్టం. 2024 నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకి ఏప్రిల్-జూలై మధ్య కొన్ని రోజుల్లో ఎంట్రీ ఫీజు కూడా పెట్టారు, 2025లో ముందు కడితే 5 యూరోలు, ఆఖర్లో కడితే 10. రాత్రి ఊళ్ళోనే ఉండేవాళ్ళకి లేదు గానీ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. జూలైలో నాకు నచ్చేది ఒక్కటే, మూడో ఆదివారం రెదెంతోరె పండగ, దాని ముందు రాత్రి నీళ్ళ మీద బాణసంచా.

నవంబర్‌లో నష్టం లేదనను. నెలాఖరుకి సాయంత్రం నాలుగున్నరకే పొద్దు పోతుంది, పొగమంచు, ఎముకల్లోకి దిగే తడి చలి, అత్తయ్యగారికి మంచి స్వెటర్, మందం సాక్సులు పెట్టండి. హోటల్ సాన్ మార్కో పక్కన వద్దు, వపోరెత్తో అనే బస్సు పడవ ఆగే రేవుకి దగ్గర్లో, మధ్యలో వంతెన లేకుండా తీసుకోండి. టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు, అందుకని రోజుల లెక్కన పాస్ కొనుక్కోండి. 1వ నంబర్ పడవలో ముందు సీటు దొరికితే గ్రాండ్ కెనాల్ మొత్తం కూర్చునే చూస్తారావిడ. కుదిరితే 21వ తేదీ ఉండేలా ప్లాన్ చేయండి, 1630 ప్లేగు మొక్కు తాలూకు సలూతె పండగ, టూరిస్టుల కోసం కాదు, ఊరి జనమే కొవ్వొత్తులు పట్టుకుని చర్చికి వస్తారు.

ప్రశ్న: ఫిబ్రవరిలో వెనిస్ మాస్కుల పండగ కార్నివాల్‌కి నలుగురు ఫ్రెండ్స్ వెళ్దామనుకుంటున్నాం. ఖర్చుకి తగ్గట్టు ఉంటుందా?

జవాబు: ఆఖరి నాలుగు రోజులైతే వద్దు, రూం రేట్లు మండిపోతాయి, అడుగు తీసి అడుగు వేయలేరు. మొదటి వారంలో మంగళ, బుధవారాలు చూసుకుని పొద్దున ఏడున్నరకల్లా సాన్ మార్కో దగ్గరుండండి, మాస్కులు వేసుకున్నవాళ్ళు ఫోటోల కోసమే వస్తారు, ఎవర్నడిగినా కదలకుండా నిలబడతారు. గొండోలా పడవకి మాత్రం ముందుగానే డబ్బు కట్టేయకండి. ఫిబ్రవరిలో ఒక్కోసారి నీళ్ళు మరీ తగ్గిపోతాయి, 2023లో చిన్న కాలువల్లో గొండోలాలు బురదలో కూర్చున్నాయి.