అమ్ములూ, టెంటు వేసే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఇది పిల్లాణ్ణి వేసుకుని అడవిలో టెంటులో పడుకుంటుందట, నువ్వైనా చెప్పవే" అని ఒకటే గోల. దానికి సర్దిచెప్పాను గానీ, ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. భయం ఒక పక్క, గర్వం ఒక పక్క. కనుమ నాడు కాకైనా కదలదంటారు. నువ్వేమో ఆ కనుమ పొద్దున ఏడు కాకముందే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, జూన్ మొదటి వారానికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, అప్పర్ పైన్స్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు, అదే టెంటు వేసుకునే చోటు, పట్టేశావట. ప్రతి నెలా 15న ఉదయం 7 గంటలకు తెరిచే ఆ బుకింగ్ నిమిషాల్లో అయిపోతుంది. మీ పెదనాన్న రెండేళ్లు ప్రయత్నించినా దొరకలేదు. నువ్వు మొదటిసారికే సాధించావంటే ఎంత సంతోషమేసిందో.

తెలిసిన విషయాలు త్వరగా చెప్పేస్తాను. టెంటు ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి. ఆ క్యాంప్‌గ్రౌండ్ ఉన్న యోసెమిటీ లోయ 4,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, జూన్‌లోనూ తెల్లవారుజామున చలేస్తుంది, బుజ్జిగాడికి టోపీ మర్చిపోకు. అక్కడ పారే మెర్సెడ్ నదిలో అప్పటికి మంచు కరిగిన నీళ్లు ఉద్ధృతంగా వస్తుంటాయి, వాణ్ణి ఒడ్డుకి కూడా తీసుకెళ్లొద్దు.

ఎలుగుబంట్ల కోసం ప్రతి సైటులో ఒక ఇనప పెట్టె ఉంటుంది. వాసన వచ్చేదేదైనా అందులోకే వెళ్లాలి. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా మాత్రమే కాదు, పిల్లాడి టూత్‌పేస్టు, ఒంటికి రాసే క్రీము, తడి తుడుపు కాగితాలు కూడా. రాత్రి కారులో వదిలేసినా ఒప్పుకోరు. ఆ పెట్టె ఎత్తు 18 అంగుళాలే, మీ ఐస్ పెట్టె అందులో పడుతుందో లేదో కొలుచుకో.

ఇంకొకటి. మీ స్నేహితుల్ని కూడా రమ్మన్నావని విన్నాను. సైటుకి పిల్లలతో కలిపి ఆరుగురే, కార్లు రెండే. "సర్దుకుందాంలే" అనడం మన ఇంట్లో చెల్లుతుంది, అక్కడ చెల్లదు. వాళ్లకు ఈ రోజే చెప్పెయ్.

ఇప్పుడు అసలు సంగతి. సియాటిల్ నుంచి ఒక్క రోజులో రాలేరు కాబట్టి మొదటి రాత్రి దారిలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో దిగుతున్నారని మీ అమ్మ చెప్పింది. నా టెన్షనంతా ఆ రాత్రి గురించే. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

2004 వేసవి. మీ అన్నయ్యకి నాలుగేళ్లు. ఆరెగాన్ తీరం వెంట వెళ్తూ ఒక మంగళవారం సాయంత్రం ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. చూస్తే మైదానమంతా ఖాళీ. ఆఫీసులో అమ్మాయి మాత్రం మాకు 14వ నంబరు ఇచ్చింది. వెళ్లి చూస్తే పక్కనే ఒక పెద్ద కుటుంబం, రేడియో మోగుతోంది, కుక్క మొరుగుతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంత చోటు పెట్టుకుని మమ్మల్ని ఇక్కడ ఇరికిస్తారా, మన రంగు చూసి ఇలా చేశారా అని కూడా అనుకున్నాను. మీ పెదనాన్న "ఆఫీసుకి వెళ్లి అడుగుదాం" అన్నారు. నేను వినలేదు. "ఖాళీగానే ఉంది కదా, ఎవరొస్తారు?" అని చివర చెట్ల కింద ఉన్న సైటులో టెంటు వేయించాను. ఎంత నిశ్శబ్దంగా ఉందో! సముద్రం హోరు తప్ప ఇంకేమీ లేదు. ఎనిమిదిన్నరకల్లా పిల్లాడు నిద్రపోయాడు, లైటు ఆర్పేసి మేమూ పడుకున్నాం.

పదిన్నర దాటాక టెంటు గుడ్డంతా ఎర్రగా మారింది. బండి వెనక లైట్లు. బస్సంత మోటార్‌హోమ్, అదే లోపల ఇల్లులా అమర్చిన బండి, ఒకటి రివర్సులో మా మీదికే వస్తోంది. నడిపే ఆయనకి మేమున్నామని ఎలా తెలుస్తుంది? అది ఆయన బుక్ చేసుకున్న సైటు, మా టెంటు ముదురాకుపచ్చ, ఒక్క దీపం లేదు. నేను చెప్పుల్లేకుండా అరుస్తూ బయటికి పరిగెత్తాను. మీ పెదనాన్న ఆ బండి పక్క రేకు మీద రెండు చేతులతో బాదారు. టెంటు తాళ్లకు నాలుగడుగుల దూరంలో ఆగింది. లోపల మీ అన్నయ్య ఆ వైపే తల పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

దిగినవాళ్లు డెబ్భై దాటిన దంపతులు. ఆవిడ బండి మెట్టు మీద కూలబడి వణుకుతూ ఏడ్చింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మేం టెంటు విప్పి, నిద్రపోతున్న పిల్లాణ్ణి కారులోకి చేర్చి, మళ్లీ 14కి వెళ్లేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ముఖంలోకి నేను చూడలేకపోయాను. ఇరవై ఏళ్లు దాటినా ఇరుకు సందులో ఏ బండి రివర్సు చేస్తున్నా నా గుండె ఆగినంత పనవుతుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్లి క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి చార్టు తీసి చూపించింది. ఆ వరసంతా ఆ రాత్రికే బుక్ అయి ఉంది. చాలామంది చీకటి పడ్డాకే చేరతారట. ఆ దంపతులు ఆ నంబరే కావాలని అదనంగా డబ్బు కట్టుకున్నారు. ఇక మిగతావి పొడుగాటి బండ్ల కోసం, కరెంటు కనెక్షన్ ఉన్నవి. టెంట్లకు ఉన్నదే చిన్న వరస, అందుకే ఆ కుటుంబం పక్కన పడ్డాం. మన రంగుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ అమ్మాయి గురించి అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

అందుకని, తల్లీ, బాగా గుర్తుపెట్టుకో. అలాంటి ప్రైవేటు చోట్ల చాలాసార్లు నువ్వు బుక్ చేసేది సైటు రకాన్నే, నంబరుని కాదు. రెండు రాత్రుల వాళ్లని, వారం ఉండేవాళ్లని మధ్యలో ఖాళీలు మిగలకుండా అమర్చడానికి, మీరు చేరేదాకా నంబర్లు అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి "చిన్న పిల్లాడున్నాడు, కాస్త ఎడంగా ఉన్నది దొరుకుతుందా" అని అడుగు. చేరాక నచ్చకపోతే మళ్లీ అడుగు. మర్యాదగా అడిగితే వీలున్నంతలో మారుస్తారు. అడగకుండా మాత్రం ఒక్క అడుగు జరగొద్దు. యోసెమిటీలో నీ నంబరు బుకింగ్‌లోనే ఖాయమైంది, అక్కడా అంతే.

అప్పర్ పైన్స్‌లో ఏకాంతం దొరుకుతుందని మాత్రం ఆశపడకు. 230కి పైగా సైట్లు, పక్కవాళ్ల దగ్గు కూడా వినపడుతుంది. ఇంకోసారి ఎప్పుడైనా బుక్ చేసేటప్పుడు మ్యాపు ముందేసుకుని, సైట్ల మధ్య చుట్టూ తిరిగే దారి (లూపు) ఉంటుంది కదా, దానికి బయటివైపు, వెనక చెట్లున్న సైటు చూసుకో. బాత్రూమ్ పక్కది వద్దు, రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు, అడ్డదారిన నీ టెంటు పక్క నుంచే జనం. పిల్లాడున్నాడు కాబట్టి మరీ దూరం కూడా వద్దు, మూడు నాలుగు సైట్ల అవతల చాలు. ఆదివారం నుంచి గురువారం మధ్యలో వెళ్తే రద్దీ కాస్త తక్కువ.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. బుజ్జిగాడు ఏడిస్తే కంగారుపడకు, పిల్లలు ఏడుస్తారని అందరికీ తెలుసు. అల్లుడికి మాత్రం చెప్పు, కారు తాళం బటన్ నొక్కినప్పుడల్లా హారన్ మోగకుండా ముందే ఆపేసుకోమని. రాత్రి వంటసామాను కడగొద్దు, గిన్నెల చప్పుడు చాలా దూరం పోతుంది.

లోయలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు. బయల్దేరే ముందే సైటు నంబరు నాకు మెసేజ్ పెట్టు, మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

ఆ ఆరెగాన్ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన వారమే ఒక పసుపు లాంతరు కొన్నాను. కొత్త బ్యాటరీలు వేసి ఈ రోజు పార్సిల్ చేశాను. రెండు చోట్లా రాత్రంతా వెలగనివ్వు. పక్కవాళ్ల కళ్లలో పడకుండా వెలుతురు తగ్గించి పెట్టుకో, కానీ ఆర్పకు. టెంటుకి రోడ్డు వైపున కట్టు. బుజ్జిగాడి తల మాత్రం రెండో వైపు ఉండాలి.

మీ పెద్దమ్మ