482 వీసాపై ఉన్నవారు మెడికేర్ లెవీ కట్టాలా? ఇన్సూరెన్స్ ఉంటే మినహాయింపు వస్తుందా?

482 వీసాపై (నైపుణ్యం గల ఉద్యోగులకు ఆస్ట్రేలియా ఇచ్చే తాత్కాలిక వీసా) మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తూ, భార్యాబిడ్డలతో సహా అందరికీ ఓవర్సీస్ విజిటర్ ఇన్సూరెన్స్ కడుతున్న మీకు, నిరుటి ఆదాయం 90,000 డాలర్లపై వచ్చిన అసెస్‌మెంట్ నోటీసులో 1,800 డాలర్ల మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్ కోసం ఆదాయంపై వేసే పన్ను) కనిపించిందని రాశారు. ఆ సొమ్ము తిరిగి వస్తుందా, పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) దరఖాస్తు పెట్టాక ఏం మారుతుంది అని అడిగారు. నేనూ అదే వీసాపై కొన్నేళ్లు ఇక్కడ పనిచేసి, తర్వాత పీఆర్ పొందినవాడిని కాబట్టి నాకు అనుభవంలో తెలిసినది చెబుతాను.

ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అయితే దానికి ఆధారం మీ ఇన్సూరెన్స్ కాదని ముందుగా గ్రహించాలి. పన్ను విధించదగిన ఆదాయంలో 2 శాతంగా ఉండే ఈ లెవీ నుంచి మినహాయింపు ఇచ్చేది మెడికేర్ సేవలకు అర్హత లేనివారికి. ఎంత ఖరీదైన పాలసీ ఉన్నా అర్హత ఉన్నవారు లెవీ కట్టవలసిందే. ఏ పాలసీ లేకపోయినా అర్హత లేనివారు మినహాయింపు కోరవచ్చు. మీతో పనిచేసే బ్రిటన్ దేశస్థుడికి తాత్కాలిక వీసాపైనే మెడికేర్ కార్డు ఉందని ఆశ్చర్యపోయారు. బ్రిటన్, ఐర్లండ్, ఇటలీ, న్యూజిలాండ్ వంటి 11 దేశాలతో ఆస్ట్రేలియాకు పరస్పర వైద్య ఒప్పందాలు ఉన్నాయి, ఆ జాబితాలో భారతదేశం లేదు. ఇక్కడ ఇంతమంది భారతీయులు పనిచేస్తూ పన్నులు కడుతున్నప్పుడు ఆ ఒప్పందం మనకూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది లేనంతకాలం, అందని సేవకు లెవీ కట్టకుండా ఉండే హక్కునైనా మనవాళ్లు వదులుకోకూడదు.

ఈ మినహాయింపు తనంతట తానుగా రాదు. మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ సర్వీసెస్ ఆస్ట్రేలియాకు దరఖాస్తు చేసి, మీకు మెడికేర్ అర్హత లేదని తెలిపే మెడికేర్ ఎన్‌టైటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ అనే పత్రం తెచ్చుకోవాలి. జులై 1 నుంచి జూన్ 30 వరకు నడిచే ఒక్కో ఆర్థిక సంవత్సరానికీ విడివిడిగా తీసుకోవాలి. పాత సంవత్సరాలకూ ఇస్తారు. పాస్‌పోర్టు, వీసా వివరాలు సరిగ్గా జతచేయండి. పత్రం చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు, కనుక సొంతంగా రిటర్ను వేసేవారు అక్టోబరు 31 గడువును దృష్టిలో పెట్టుకుని ముందే దరఖాస్తు చేయడం మంచిది. మీరు నిరుటి రిటర్ను వేసేశారు కాబట్టి, ఆ సంవత్సరపు పత్రం తెప్పించుకుని, అసెస్‌మెంట్ నోటీసు వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు రిటర్నును సవరించుకుంటే సరిపోతుంది.

ఒక షరతు మాత్రం చాలామంది దృష్టికి రాదు. ఈ మినహాయింపు విషయంలో, ఉద్యోగం చేస్తున్న భార్య లేదా భర్త కూడా డిపెండెంటు కిందికే వస్తారు. మీ డిపెండెంట్లలో ఏ ఒక్కరికి మెడికేర్ అర్హత ఉన్నా ఈ దారిలో మీకు మినహాయింపు దక్కదు. మీ ఇంట్లో అందరూ 482 మీదే ఉన్నారు కనుక ఆ చిక్కు లేదు. 491 వీసా (ప్రాంతీయ నైపుణ్య తాత్కాలిక వీసా) ఉన్న మీ మిత్రుడి సంగతి వేరు. ఆ వీసాకు మెడికేర్ అర్హత ఉంది కాబట్టి ఆయన లెవీ కట్టవలసిందే.

ఇక ఇన్సూరెన్స్ గురించి. మీ వీసాకు ఉన్న 8501 షరతు ప్రకారం ఆరోగ్య బీమా తప్పనిసరి. వీసా షరతు తీరితే చాలని అన్నిటికన్నా చవకైన పాలసీ తీసుకోవద్దని మాత్రం ఒత్తి చెబుతాను. మెడికేర్ లేనివారు ప్రభుత్వ ఆసుపత్రిలో చేరినా రోజుకు వెయ్యి డాలర్లకు పైనే బిల్లు పడుతుంది. చవక పాలసీలలో చాలావాటికి ప్రసవం ఖర్చు వర్తించదు. వర్తించే వాటిలోనూ సాధారణంగా పన్నెండు నెలలు వేచి ఉండాలి. మా రెండో పాప ఇక్కడే పుట్టింది. బిడ్డ కావాలనుకున్నప్పుడే, గర్భం దాల్చడానికి చాలా ముందు, ఎక్కువ ప్రీమియం ఉన్న పాలసీకి మారాం. ఆసుపత్రి ఖర్చులో పెద్ద భాగం కంపెనీయే భరించింది, కానీ స్కానింగులకు, స్పెషలిస్టు డాక్టరు ఫీజుకు మేము చేతినుంచి కట్టినదీ తక్కువేమీ కాదు. ముందే ఉన్న జబ్బులకు కూడా ఇలాగే పన్నెండు నెలల నిరీక్షణ ఉంటుంది, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు పాలసీలో ఆ నిరీక్షణ గురించిన పేజీని పూర్తిగా చదివిగాని సంతకం చేయకూడదు. విక్టోరియాలో అంబులెన్సుకూ డబ్బు కట్టాలి. మీ పాలసీ దానికి ఎంతవరకు వర్తిస్తుందో కూడా చూసుకోండి.

పీఆర్‌కు ఇక్కడినుంచే దరఖాస్తు పెట్టిన రోజుతో లెక్క మారుతుంది. పనిచేసే అనుమతి ఉన్న వీసా చేతిలో ఉంటే, పీఆర్ మంజూరు కాకముందే మెడికేర్‌లో చేరే అర్హత వస్తుంది, నీలం రంగు తాత్కాలిక కార్డు ఇస్తారు. అర్హత వచ్చాక లెవీ మినహాయింపు ఉండదు. కార్డు తీసుకోకుండా వాయిదా వేసినా లాభం లేదు. ఆ సంవత్సరానికి రోజుల లెక్కన మినహాయిస్తారు: జనవరి 1న దరఖాస్తు పెడితే, అంతకుముందు 184 రోజులకు, మీ 1,800 డాలర్లలో సుమారు 907 డాలర్లు మిగులుతాయి. కార్డు వచ్చేవరకు పాత పాలసీని రద్దు చేయకండి.

అప్పటినుంచి మెడికేర్ లెవీ సర్‌చార్జ్ అనే మరో భారం కూడా ఎదురుకావచ్చు. 2024–25లో ఒంటరివారికి 97,000, కుటుంబానికి 1,94,000 డాలర్ల ఆదాయం దాటితే 1 నుంచి 1.5 శాతం వరకు అదనంగా పడింది; ఈ పరిమితులు ఏటా మారుతుంటాయి. దీన్ని తప్పించుకోవడానికి స్థానికులు తీసుకునే హాస్పిటల్ కవర్ (ప్రైవేటు ఆసుపత్రి బీమా) కావాలి, మీరిప్పుడు కడుతున్న ఓవర్సీస్ పాలసీ పనికిరాదు. వయసు 31 దాటినవారు మెడికేర్‌లో పూర్తి అర్హతతో నమోదైన 12 నెలల్లోపు ఆ కవర్ తీసుకుంటే, తర్వాత ఆలస్యమైన ఒక్కో ఏడాదికి ప్రీమియంపై వేసే 2 శాతం అదనపు రుసుము వారికి పడదు.