కొత్త రూల్ తెచ్చే ముందు ప్రభుత్వ శాఖలు దాని ప్రభావాన్ని ఎలా లెక్కేస్తాయి?

నిజంగా లెక్కేస్తారా, లేక నిర్ణయం అయిపోయాక ఫైల్లో పెట్టడానికి ఏదో రాస్తారా అని అడిగారు. రెండూ జరుగుతాయి. నేను ఆరేళ్లు ఈ లెక్కలు వేసే విభాగంలో పనిచేశాను, చూసింది చెబుతాను.

మొదట చూడాల్సింది, ఆ రూల్ అసలు తేకపోతే ఏమవుతుందని. దాంతో పోల్చితేనే లాభమో నష్టమో తేలుతుంది. తర్వాత, ఉన్న రూల్‌నే గట్టిగా అమలు చేస్తే సరిపోతుందా అని. అమెరికాలో 1981లోనే అధ్యక్షుడు రీగన్ ఉత్తర్వుతో పెద్ద రూల్స్‌కి ఖర్చు, ప్రయోజనం రెండూ లెక్కగట్టడం తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో శాఖలు వేసిన అంచనాలను బయటి నుంచి పరిశీలించడానికి 2009లో రెగ్యులేటరీ పాలసీ కమిటీ పెట్టారు. ఇలాంటి బయటి కన్ను చాలా అవసరం అని నా అభిప్రాయం, ఎందుకంటే తన రూల్ బాగాలేదని ఏ శాఖా తనంతట తాను రాసుకోదు.

అసలు చిక్కు, రూల్ పాటించేవాళ్లకి అయ్యే ఖర్చు దగ్గర. నెదర్లాండ్స్‌లో పుట్టిన స్టాండర్డ్ కాస్ట్ మోడల్‌ని చాలా దేశాలు వాడతాయి: పనికి పట్టే సమయాన్ని గంట ఖర్చుతో, చేయాల్సినవాళ్ల సంఖ్యతో, ఏడాదికి ఎన్నిసార్లు అన్నదానితో గుణిస్తారు. ఇందులో ఆ సమయం తప్పు వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. చిన్న వ్యాపారులు మూడు నెలలకోసారి ఇవ్వాల్సిన ఒక ఫారానికి మేం 20 నిమిషాలు అని వేశాం, నేనూ సంతకం పెట్టాను. రూల్ వచ్చాక ఒకావిడ ఆ ఫారం నింపుతుంటే పక్కన కూర్చుని చూశాను. రాయడానికి 20 నిమిషాలే పట్టింది గానీ, అడిగిన వివరాలు పాత బిల్లుల్లోంచి ఏరడానికి ఆవిడకి ఒక పూట పోయింది, ఆ ఏరడం అనే పని మా లెక్కలో ఎక్కడా లేదు. చాలా బాధేసింది.

అందుకే డ్రాఫ్ట్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు దయచేసి గంటల్లో రాయండి. "ఈ రూల్ అన్యాయం" అని మాత్రమే రాస్తే, నిజమే అయినా, లెక్కలో పెట్టడానికి ఏమీ ఉండదు. "ఫలానా గడి నింపడానికి నాకు 4 గంటలు పడుతుంది, ఎందుకంటే ఇది" అని రాస్తే ఆ అంకెకి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి. మా ఫారంలో ఆ పాత బిల్లుల వివరాలు అడిగిన రెండు గడులు తీయించడానికి తర్వాత ఏడాదిన్నర పట్టింది, డ్రాఫ్ట్ అప్పుడే ఇలాంటి ఉత్తరం ఒక్కటి వచ్చి ఉంటే వారంలో తీసేసేవాళ్లం.