రాసిన చేత్తోనే రంగు పూసుకునే ముందు

అమ్మాయీ,

నీ నాటిక రెండుసార్లు చదివాను. చెయ్యి బాగా తిరిగింది. రాసింది నువ్వే, వేషం కట్టేదీ నువ్వేనంటున్నావు కాబట్టి కథ జోలికి పోకుండా ఆ సంగతే రాస్తాను. రెండు పనులూ ఒకరే నెత్తిన వేసుకుంటే మూడో చిక్కొకటి పుడుతుంది. వేదిక ఎక్కాక కూడా నీలోని రచయిత్రి ఊరుకోదు. పక్కవాళ్ల డైలాగులు దిద్దాలని చూస్తుంది, తన మాటలు తానే మార్చేస్తుంది. ఆవిణ్ణి ఎలా కూర్చోబెట్టాలో ముందు నేర్చుకో.

తల్లి పాత్ర నీ కోసమే రాసుకున్నావని చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతోంది. ఆమెకు అరపేజీ డైలాగులు నాలుగున్నాయి. ఎదుటివాళ్లకి "అవునా", "తర్వాతేమైంది" తప్ప ఏమీ లేదు. రాసి నటించేవాళ్లు మొదట చేసే తప్పే ఇది. ఎదుటివాడి మాటకు బలం లేకపోతే నీ మాట ఎంత బాగున్నా ఆనదు. ఎవరు ఏ వేషం వేస్తారన్నది మరిచిపోయి నాటిక పూర్తి చెయ్యి. నీ వేషం చిట్టచివర ఎంచుకో. మొత్తం నిడివిలో పావు వంతుకు మించి వేదిక మీద ఉండని పాత్రయితే మేలు.

బలిజేపల్లి లక్ష్మీకాంత కవిని చూడు. 'సత్య హరిశ్చంద్రీయం' రాసి అందులో ఆయన కట్టిన వేషం నక్షత్రకుడిది, హరిశ్చంద్రుడిది కాదు. అప్పు కోసం వెంటపడి పీడించే పాత్ర. సన్నివేశాన్ని ముందుకు నెట్టేది అతనే, ప్రేక్షకుడి కన్నీళ్లు మాత్రం పక్కవాడికి పోతాయి. రచయితకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. లోపలినుంచే నాటకాన్ని నడపొచ్చు, భారమంతా మొయ్యక్కర్లేదు.

అదే నాటకంలో ఇంకో సంగతుంది. కాటి సీనులో నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడుకున్నారు. అవి సీనులో ఎంతగా కలిసిపోయాయంటే, అవి లేకపోతే ప్రేక్షకులు ఒప్పుకోరు. పరాయి కవి పద్యాలే అలా అతుక్కుపోతే, రిహార్సల్లో నీ నటుడి నోట దొర్లిన మంచి మాటను కొట్టెయ్యకు. రాసుకుని ప్రతిలోకి ఎక్కించు.

అయితే దానికీ ఒక గడువు ఉండాలి. ప్రదర్శనకు మూడు వారాల ముందు ప్రతిని మూసెయ్యి. నీ దగ్గర ఒకటి, దర్శకుడి దగ్గర ఒకటి, తెర వెనక నుంచి మాట అందించే ప్రాంప్టర్ దగ్గర ఒకటి, మూడింట్లోనూ అక్షరం తేడా రాకూడదు. తర్వాత మార్పు తప్పనిసరైతే రిహార్సల్ అయ్యాక, మూడు ప్రతుల్లోనూ రాసి, ఆ మార్పు తగిలే నటులందరికీ చెప్పు. నువ్వు వేదిక మీద అప్పటికప్పుడు ఒక వాక్యం మార్చావనుకో, నీకది మెరుగులాగే ఉంటుంది. ఎదుటివాడు మాత్రం నీ చివరి మూడు మాటల కోసం చెవులు రిక్కించుకుని ఉంటాడు. ఆ మాటలు రాకపోతే అతని ఎంట్రీ పోతుంది, లైటు వేసేవాడు తడబడతాడు. జనం దృష్టిలో తప్పు చేసినవాడు ఆ నటుడే.

ఇక పోర్షన్, అంటే నీ వంతు డైలాగులు. 'నేను రాసిందేగా, నాకు రాకపోవడమేమిటి' అనుకుంటావు. అక్కడే బోల్తా పడతావు. నీకు వచ్చింది ఒక్క ప్రతి కాదు, నువ్వు చించి పారేసిన నాలుగు ప్రతులూ వచ్చు. కంగారులో పాత ప్రతిలోని మాటే ముందు నోటికొస్తుంది. పాతవన్నీ కట్టకట్టి కంటికి కనిపించని చోట పెట్టు. నీ డైలాగులు మాత్రమే, ఒక్కోదానికి ముందు ఎదుటివారి చివరి నాలుగైదు మాటలు వేసి, చేత్తో ఒక పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకంలోంచే బట్టీ పట్టు, మొత్తం స్క్రిప్టు ముట్టుకోకు. తన వంతు తప్ప మరేమీ తెలియని నటిలా ఉండటం నువ్వు పనిగట్టుకుని నేర్చుకోవాలి.

ఇంకో జబ్బు ఉంది. పక్కవాళ్లు మాట్లాడుతుంటే రచయిత పెదవులు వాటంతట అవే కదులుతాయి. వేషం వేసేవాళ్లకి తెలియదు, మొదటి నాలుగు వరసల్లో కూర్చున్నవాళ్లందరికీ కనిపిస్తుంది. ఒక రిహార్సల్ మొత్తం నీ ముఖం మీదే ఫోన్ పెట్టి వీడియో తియ్యించు. కదులుతున్నాయని తేలితే, వినేటప్పుడు నాలుక కొసను అంగిటికి ఆనించి ఉంచడం అలవాటు చేసుకో. ఎవరైనా డైలాగు మింగేస్తే గుర్రుగా చూడకు. అవసరమైన విషయం అందులో ఉంటే పాత్రలోనే ఉండి ఒక ప్రశ్న వెయ్యి, దారిలోకొస్తాడు. లేకపోతే దాటేసి సాగిపో, పోయిందని నీకు తప్ప ఎవరికీ తెలియదు.

దర్శకత్వం వేరొకరికి అప్పగించు. ఎవరూ దొరకని పక్షంలో, చివరి పది రిహార్సల్స్ దాకా నీ వేషంలో మరొకరిని నిలబెట్టి నువ్వు ఎదురుగా కూర్చో. అలా నిలబడ్డ మనిషి ఊరికే పోదు, నీకు బదులు నటి తయారైనట్టే. ఫ్రాన్సులో మోలియేర్ 1673 ఫిబ్రవరి 17న తాను రాసిన నాటకంలోనే, రోగం లేకున్నా రోగినని భ్రమపడే వేషం వేస్తున్నాడు. నిజంగా జబ్బు పడి ఉన్నది ఆయనే. ఆట పూర్తి చేసి ఇంటికి చేరిన కొద్ది గంటల్లో పోయాడు. అది నాలుగో ప్రదర్శన. రాసినవాడే నటుడూ అయినప్పుడు ఒంట్లో బాగోకపోతే రెండు పనులూ ఒక్కసారే ఆగిపోతాయి.

ఆయన దగ్గరే నేర్చుకోదగ్గ మంచి పద్ధతీ ఉంది. 1668లో ఆడిన పిసినారి నాటకంలో తన దగ్గును ముసలి పాత్రకిచ్చాడు, కుంటుతూ నడిచే తన బృంద నటుడి కోసం సేవకుణ్ణి కుంటివాడిగా రాశాడు. ఉన్న మనుషులకు తగ్గట్టు రాయడమంటే అది. నీ బృందంలో 'శ', 'ష' పలకలేనివాడు ఉంటే అతన్ని పురోహితుణ్ణి చెయ్యకు.

నిడివి గురించి. నాటక పోటీలు పెట్టే పరిషత్తువారు గంట అన్నారంటే తెర లేచింది మొదలు పడేదాకా గంట. కూర్చుని చదివిన లెక్క నమ్మకు. నడకలూ మౌనాలూ నవ్వులూ కలిసేసరికి నలభై అయిదు నిమిషాల చదువు వేదిక మీద యాభై అయిదు అవుతుంది. నీది చదవడానికే యాభై రెండు పట్టింది. రెండో రంగంలో ఉత్తరం చదివే ఘట్టం తీసెయ్యి. జనం నవ్వుతుంటే ఆ నవ్వు సగానికి దిగాక తర్వాతి మాట ఎత్తుకో. పూర్తిగా ఆగేదాకా ఉంటే ఊపు పోతుంది, ముందే ఎత్తుకుంటే మాట వినపడదు.

పాత్రల పేర్లు చేత్తో మూసి డైలాగులు చదివి చూడు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే అందరూ నీ యాసలోనే మాట్లాడుతున్నారన్నమాట.

అచ్చుకి తొందరపడకు. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఆ రెండోది చదవడానికి గొప్పది, ఆడేవాళ్లు మాత్రం కుదించుకోక తప్పదు. నువ్వు అయిదారు ప్రదర్శనలు కానిచ్చి, ప్రతిసారీ తేదీ, పట్టిన సమయం, ఎక్కడ నవ్వారు, ఎక్కడ దగ్గారు రాసిపెట్టుకో. దగ్గిన చోట్లు ముందు కత్తిరించు. సినిమా గురించి అడిగావు. గొల్లపూడి మారుతీరావు నాటకాల్లో, రేడియోలో ఏళ్ల తరబడి ఉన్నాక 1982లో గానీ తెర మీద నటుడిగా కనిపించలేదు. ఈలోగా ఉద్యోగం వదలకు.

ఎవరైనా నీ నాటిక ఆడతామంటే నోటిమాట మీద ఇవ్వకు. ఎన్ని ప్రదర్శనలు, ఏ ఊళ్లో, మార్పులు చెయ్యొచ్చా లేదా, రచయిత పేరు ఎక్కడ వెయ్యాలి, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. మన చట్టం ప్రకారం రచన మీద హక్కు నువ్వున్నన్నాళ్లూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ ఉంటుంది.

సవరించిన ప్రతి పంపేటప్పుడు, గడియారం పెట్టుకుని గట్టిగా చదివితే ఎన్ని నిమిషాలు పట్టిందో మొదటి పేజీ మీదే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న