బాకీ కట్టమని ‘కాఫ్ అప్’ అనొచ్చా?

ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వడాన్ని ఇంగ్లీషులో మామూలు మాటల్లో ఏమంటారు, పే అప్, కాఫ్ అప్, సెటిల్ అప్ అన్నీ ఒకటేనా అని అడిగారు. అర్థం దాదాపు ఒకటే, మర్యాదలోనే బోలెడు తేడా. పలాసలో జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు, మెయిళ్లు చూసేది నేనే. మాకు సరుకు ముందు వెళ్తుంది, డబ్బు తీరిగ్గా వస్తుంది. అందుకే ఈ మాటలతో రోజూ పని పడుతుంది.

ముందు కాఫ్ అప్ సంగతి. “వాడి చేత డబ్బు కక్కించాం” అంటాం చూడండి, సరిగ్గా అదే. ఇష్టం లేకపోయినా ఒత్తిడికి లొంగి ఇచ్చాడని. “హి ఫైనల్లీ కాఫ్డ్ అప్ ద మనీ” అని ఆఫీసులో మనలో మనం అనుకోవచ్చు. బాకీ ఉన్న మనిషికే “ప్లీజ్ కాఫ్ అప్” అని రాస్తే “దయచేసి కక్కండి” అన్నట్టే, ఆ ప్లీజ్ దేనికీ పనికిరాదు. పే అప్ అంత మోటు కాదు గానీ అందులోనూ గద్దింపు ఉంది. అమెరికా వాళ్లు పోనీ అప్ అంటారు, బ్రిటన్ వాళ్లు స్టంప్ అప్ అంటారు. రెండింట్లోనూ ‘తప్పదు కాబట్టి ఇచ్చాడు’ అనే వాసన ఉంటుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు స్టంప్ అప్ చూసి క్రికెట్ గొడవేమో అనుకున్నాడు!

షెల్ అవుట్ మా ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. జీడిపిక్క పగలగొట్టి పప్పు తీయడమే ఇక్కడి బతుకు, ఆ మాట పుట్టింది కూడా అలా పెంకు ఒలిచి గింజ తీయడం నుంచే. అయితే అది బాకీలకే పరిమితం కాదు. కాలేజీ ఫీజుకో, పెళ్లి ఖర్చుకో ఎక్కువ మొత్తం పెట్టాల్సి వచ్చినా అదే అంటారు. మన ‘చేతి చమురు వదలడం’ దానికి దగ్గర. ‘పే త్రూ ద నోస్’ అంటే మాత్రం ముక్కుపిండి వసూలు చేయడం అనుకోకండి. ముక్కు రెండు చోట్లా ఉంది గానీ, అక్కడ అర్థం మరీ ఎక్కువ ధర పెట్టి కొనడం.

ఎదుటి మనిషితో జంకు లేకుండా అనదగ్గది సెటిల్ అప్. కాశీబుగ్గలో మేం టీ తాగే బడ్డీ ఆయన నెలాఖరుకి అట్ట నలిగిపోయిన నోటుబుక్కు తీస్తాడు. నా పేజీలో చివరి అంకె కింద వేలు పెట్టి, “బాబూ, ఓసారి కాతా చూసుకుందామా?” అంటాడు. బాకీ అన్న మాటే ఎత్తడు. డబ్బు పడిందని ఫోన్‌పే పెట్టె అరవగానే పేజీకి అడ్డంగా గీత కొట్టేస్తాడు. “లెట్స్ సెటిల్ అప్” అంటే వినిపించేది ఆ గొంతే. ఇచ్చేశాక “వియ్ ఆర్ స్క్వేర్” అంటారు, అంటే చెల్లుకు చెల్లు. చిప్ ఇన్ అంటే తలా కాస్త వేసుకోవడం, ఫుట్ ద బిల్ అంటే బిల్లంతా ఒక్కరే కట్టడం. ఇవి బాకీ మాటలు కావు, కానీ చాలామంది కలిపేస్తారు.

వ్యాపారం మెయిల్లో వీటిలో ఏదీ వద్దు. ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం రాసి “ద పేమెంట్ ఈజ్ ఓవర్‌డ్యూ”, అంటే కట్టాల్సిన గడువు దాటింది అని రాస్తే చాలు. మీది రిజిస్టరైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ, కొన్నది మన దేశంలోని వ్యాపారి అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం) అండ ఉంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా డబ్బు కట్టే గడువు, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. నేనైతే ఆ సంగతి రెండో మెయిల్ చివర్లో ఒకే వాక్యంలో పెడతాను. మొదటి మెయిల్లోనే పెడితే డబ్బు వస్తుందేమో గానీ, తర్వాతి ఆర్డరు పక్క ఫ్యాక్టరీకి పోతుంది.